పాత జీపుకి నేను చేసిచ్చిన బ్రేకు

ఐటీఐలో టర్నరు కోర్సు చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పెరట్లో రేకుల షెడ్డు కింద ఉన్న నా లేత్ మిషన్ని చూసి, ఫోన్లో ఫొటో తీసుకుని, "సార్, మీ సర్వీసుల మర్చిపోలేని జాబు ఏదన్న చెప్పుండ్రి" అంటారు. చేసిచ్చే ప్రతి పనినీ జాబు అనే అంటాం మేం. నేను ప్రతిసారీ ఒకటే చెబుతాను. కంపెనీ మొత్తం పని ఆగిపోయి నిలబడితే, మూడు రోజులు పట్టే మిషను షాఫ్టును ఒక్క పూటలో కోసి ఇచ్చిన సంగతి. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. మా ఆవిడ వంటింట్లోంచి టీ పంపిస్తుంది గాని ఒక్కసారి కూడా బయటికి వచ్చి నా ముఖం చూడదు. ఆమెకు అసలు జాబు ఏదో తెలుసు.

షాఫ్టు కథ అబద్ధం కాదు. కాని నేను మర్చిపోలేనిది అది కాదు. రిటైరయ్యాక, ఇంట్లో, నా సొంత మిషను మీద, ఒక పాత జీపుకి బ్రేకు భాగం చేశాను. అదీ ఆ జాబు. ఎదురుగా కూచుని చెప్పాలంటే నాకు సిగ్గు. అందుకే రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా పరవాలేదు, షాఫ్టు కథ విని మెచ్చుకోవడం మాత్రం ఇక మానెయ్యండి.

ముందు మా షాపు ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. గాజులరామారం పక్కన పంపుల విడిభాగాలు చేసే కంపెనీలో ముప్పై ఏళ్ళు టర్నరుగా పనిచేశాను. అక్కడ టర్నరు ముక్కను కోస్తాడు, రంధ్రం కావాలంటే వేస్తాడు, తన ఎడమ చేతి పక్కనున్న ట్రేలో పడేస్తాడు. అంతటితో అతని పని సరి. ట్రేలోంచి బెంచి మనిషి తీసుకుంటాడు. రంధ్రం వేసినప్పుడు డ్రిల్లు బయటపడే వైపు అంచున లోహం సన్నటి ముల్లులా లేస్తుంది. బర్ అంటాం దాన్ని. కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది. ఆ బర్‌ను ఆకురాయితోనో ఎమరీ కాగితంతోనో తియ్యడం బెంచి మనిషి పని. ఇది ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు, కాని టర్నరు ఆకురాయి పట్టుకోవడం పెళ్ళికొడుకు విస్తళ్ళు ఎత్తినట్టు ఉండేది మాకు.

మా బెంచి మనిషి నా ఈడువాడే. సన్నటి మనిషి, మాట తక్కువ. ప్రతి రంధ్రంలో చిటికెన వేలు పెట్టి మెల్లగా తిప్పేవాడు. ఆ వేలి మీద ఎప్పుడు చూసినా ఒక గాటు ఉండేది. మేం ఆయన్ని గోకుడు మేస్త్రి అనేవాళ్ళం. ఆ పేరు పెట్టిన ఘనుణ్ణి నేనే. క్యాంటీన్లో ఆయన పళ్ళెం పట్టుకుని వస్తుంటే "ఏం మేస్త్రీ, ఇయ్యాల ఎన్ని గోకినవ్?" అని అడిగేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ఆయన కూడా నవ్వేవాడు, కాని అన్నం వేరే బల్ల మీద తినేవాడు.

నేను రిటైరయ్యే ఏడాది కంపెనీవాళ్ళు పాత మిషన్లు అమ్మేశారు. నేను పనిచేసిన లేత్‌ను నేనే కొనుక్కుని మచ్చ బొల్లారంలో మా ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆవిడ వడియాలు పెట్టుకునే జాగా పోయింది. ఇంట్లో లేత్ ఉన్న మనిషి అని కాలనీలో నాకొక గౌరవం వచ్చింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఉద్యోగులు పొద్దున వాకింగు చేస్తూ గేటు దగ్గర ఆగి చూసేవారు. కుక్కర్ పిడి మొదలుకొని బోరు మోటారు ఇరుసుకు తొడిగే బుష్షు దాకా చేసిచ్చేవాణ్ణి. షెడ్డులో కంపెనీలో ఉన్నట్టే అన్నీ సర్దుకున్నాను. ఎడమ చేతి పక్కన ఒక ఇనప ట్రే కూడా పెట్టుకున్నాను. అది లేకపోతే నాకు చెయ్యి ఆడదు. ట్రే పెట్టాను గాని, అందులోంచి తీసుకునే మనిషి ఇక్కడ లేడన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కన ఒక చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. దాని యజమాని ముప్పై అయిదేళ్ళవాడు, ట్రాక్టర్లు, పాత జీపులు బాగుచేస్తాడు. చుట్టుపక్కల అయిదారు ఊళ్ళకు అతనే దిక్కు. అంతకు ముందు రెండు మూడుసార్లు నా దగ్గర బుష్షులు చేయించుకున్నాడు. ఒక రోజు పొద్దున్నే ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్దాయన అక్కడి పక్క ఊరి ముస్లిం రైతు. నాకన్నా రెండు మూడేళ్ళు పెద్ద. చేతిలో ఒక సంచీ, సంచీలో నాకోసం కొత్తిమీర కట్టలు, వాటి కింద గుడ్డలో చుట్టిన జీపు మాస్టర్ సిలిండర్.

కాలితో బ్రేకు తొక్కితే నూనె ముందుగా కదిలేది ఆ సిలిండర్‌లోనే. అక్కణ్ణుంచి నాలుగు చక్రాలకూ పోతుంది. లోపల ఒక రబ్బరు కప్పు నూనెను నెడుతుంది. ఆ సిలిండర్ లోపలి గోడ తుప్పుపట్టి గుంటలు పడింది. అలాంటిది కొత్తది దొరకడం లేదు. హైదరాబాద్ అంతా తిరిగి తెచ్చిన రెండూ అమరలేదట. లోపల తొలిచి కొత్త ఇత్తడి గొట్టం దిగగొడితే బండి బతుకుతుందని మెకానిక్ ఆలోచన.

"మా అబ్బాజాన్ తోలిన బండి సాబ్," అన్నాడు పెద్దాయన. "నా కొడుకు ట్రాలీ ఆటో కొందమంటడు. నాకు మనసొప్పుతలేదు."

ఆ జీపు ఆయనకు షోకు కాదు. బంతిపూలు, ఆకుకూరలు మేడ్చల్ మార్కెట్‌కు అందులోనే పోతాయి. పొద్దున ఊళ్ళోంచి పూలు కోసే ఆడవాళ్ళు ఏడెనిమిది మంది అందులోనే తోటకు వస్తారు. ముందు సీట్లో ఆయన భార్య కూచుంటుంది. బండి నిలబడి అప్పటికే వారం. పూలు చెట్టుకే వాడిపోతున్నాయి.

మెకానిక్ మాత్రం గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచాడు. "బ్రేకు గద సార్, బుష్షు గాదు. మీకు ధైర్యముంటెనే చెయ్యుండ్రి. లేకుంటె ఇడిసిపెడ్దాం, నేను పెద్దాయనకు నచ్చజెప్త," అన్నాడు. మంచి మాట. నాకు మాత్రం పౌరుషం వచ్చింది. బుష్షులు చేసే మనిషిననుకుంటున్నాడా అని.

"ముప్పై ఏండ్లల్ల నా పీసు ఒక్కటి వాపసు రాలె," అన్నాను.

పని గురించి రెండు ముక్కలే చెబుతాను. దూలపల్లిలో తెలిసిన వర్క్‌షాపు నుంచి మంచి ఇత్తడి తెచ్చుకున్నాను. సిలిండర్ తొలిచి గొట్టం దించి, లోపల అద్దంలా పాలిష్ చేశాను. ముఖం చూసుకోవచ్చు. మా ఆవిడను పిలిచి చూపించాను కూడా. ఇక మిగిలింది పైనున్న నూనె డబ్బాలోంచి లోపలికి రెండు రంధ్రాలు. ఒకటి పెద్దది, ఇంకొకటి సూది దూరేంత. రబ్బరు కప్పు అంచు, పెదవి అంటాం దాన్ని, ప్రతిసారీ ఆ సూది రంధ్రం మీదుగానే వెళ్ళి రావాలి. బుద్ధున్నవాడు ముందు రంధ్రాలు వేసి తర్వాత పాలిష్ చేస్తాడు. నేను పాలిష్ మురిపెంలో పడి రంధ్రాలు చివర వేశాను. వేసి, బయటి అంచు తుడిచి, సిలిండర్‌ను ఎడమ పక్క ట్రేలో పెట్టి, చేతులు కడుక్కుని అన్నానికి వెళ్ళాను.

అక్కడే జరిగింది. ట్రేలో పెట్టిన ముక్క నా లెక్కలో పూర్తయిన ముక్క. మధ్యాహ్నం నిద్రలేచి వచ్చి అదే ట్రేలోంచి తీసి, పాత చీర ముక్కలో చుట్టి, సాయంత్రం మెకానిక్ వస్తే ఇచ్చేశాను. లోపల వేలు పెట్టి చూడలేదు. ఆ సూది రంధ్రం లోపలి అంచున ముల్లు అలాగే ఉంది.

జీపు కదిలింది. బ్రేకు కొత్త బండి బ్రేకులా పడుతోందని మెకానిక్ ఫోన్ చేశాడు. పెద్దాయన మళ్ళీ కొత్తిమీర, ఈసారి బంతిపూల మూట కూడా పంపాడు. గేటుకు దండ కట్టుకున్నాను. వాకింగు వాళ్ళు ఏం పండగ అని అడిగితే జీపు సంగతి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ జీపు కొంచెం ఎక్కువ పాతదయ్యేది, నా పని కొంచెం ఎక్కువ కష్టమయ్యేది.

పదిహేను రోజులు గడవలేదు, ఒక పొద్దున మెకానిక్ ఫోన్ చేసి "సార్, ఒక్కసారి వస్తరా" అన్నాడు. గొంతు బాగా లేదు. స్కూటరేసుకుని వెళ్ళాను.

పెద్దాయన ఆడవాళ్ళను ఎక్కించుకుని తోటకు వస్తుంటే, చెరువు వైపు దిగే వాలులో కాలు వేస్తే బ్రేకు నేలదాకా పోయింది. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ పోయింది. కింద మలుపులో స్కూలు బస్సు పిల్లల్ని ఎక్కించుకుంటోంది. ఆయన బండిని పక్కకు కోసి, ప్లాట్లు అమ్మే వెంచరు వాళ్ళు కొత్తగా కట్టిన ప్రహరీ గోడకు కొట్టాడు. వెనక ఆడవాళ్ళకు దెబ్బలు తగిలాయి, పెద్దవి కాదు. ముందు సీట్లో ఉన్న ఆయన భార్య చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. మెకానిక్ ఆమెను ఆస్పత్రిలో చేర్పించి, కొడుకును అక్కడ ఉంచి, జీపును ట్రాక్టరుతో లాగించుకుని షెడ్డుకు తెచ్చాడు.

నేను వెళ్ళేసరికి పెద్దాయన స్టూలు మీద కూచుని ఉన్నాడు. చొక్కా నిండా ఇటుక దుమ్ము. ఆస్పత్రిలో ఆమె చేతి గాజులు కోసి తీస్తే, ఆ ముక్కలు రుమాల్లో కట్టుకుని పట్టుకున్నాడు. ఊరి నుంచి వచ్చిన నలుగురైదుగురు చుట్టూ నిలబడ్డారు. మెకానిక్ అప్పటికే సిలిండర్ విప్పాడు. రబ్బరు కప్పు తీసి నా అరచేతిలో పెట్టాడు.

కప్పు పెదవి మీద ఒకే చోట గీత. బ్లేడుతో గీసినంత తిన్నగా ఉంది. రబ్బరు మంచిది కాకపోతే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పొరలు లేస్తుంది. తిన్నని గీత పడదు. గీత పడాలంటే లోపల ఏదో కొయ్యాలి. ఆ ఏదో ఎక్కడుందో నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

"ఏమైంది సాబ్? మీరు పెద్ద కంపెనిల జేసినోళ్ళు. మీరు జెప్పుండ్రి," అన్నాడు పెద్దాయన.

అందరూ నా వైపే చూస్తున్నారు. నాకు మా గేటు కనిపించింది, దండ కనిపించింది, వాకింగు వాళ్ళు కనిపించారు. నేను మెకానిక్ వైపు తిరిగి, "ఈ రబ్బరు ఏడ కొన్నవ్? డూప్లికేట్ మాల్ ఇది," అన్నాను.

మెకానిక్ నా ముఖంలోకి చూశాడు. "నేనెప్పుడు కొనే షాపులనే కొన్న సార్," అన్నాడు, అంతే. నేను ఊరుకుంటే కనీసం సగం పాపంతో పోయేది. ఊరుకోలేదు. బ్రేకు సామాను కొనేటప్పుడు చూసుకోవాలని, మనుషుల ప్రాణాలని, ఇంకా ఏవేవో చెప్పాను. ఆడలేక మద్దెల ఓడన్న సామెత చిన్నప్పుడు నేనూ చదువుకున్నాను. అది నాకోసం పుట్టిందని అనుకోలేదు. వచ్చిన వాళ్ళలో ఒకతను మెకానిక్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. పెద్దాయన మాత్రం తిట్టలేదు. రుమాలు పిడికిట్లో బిగించి మెకానిక్‌ను చూశాడు. మెకానిక్ తల వంచుకున్నాడు. నా పనిని ఒకసారి పరీక్ష చేసుకుంటానని, సిలిండర్ పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

షెడ్డులో పుల్లకు దూది చుట్టి సిలిండర్ లోపల తిప్పాను. సూది రంధ్రం దగ్గర దూది పోగు పట్టుకుంది. లాగితే తెగింది. వేలు పెట్టాను. గుచ్చుకుంది. ఎమరీ కాగితాన్ని సన్నగా చుట్టి రెండు మూడుసార్లు తిప్పితే ఆ ముల్లు పోయింది. అర నిమిషం పట్టలేదు. ఒక ఆడమనిషి చెయ్యి విరగకుండా ఉండటానికి నేను చెయ్యాల్సిన పని అంతే. మిషను మీద తల పెట్టుకుని కూచున్నాను. మా ఆవిడ వచ్చి "ఏందట్ల కూసున్నవ్?" అని అడిగింది. తలనొప్పి అన్నాను.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు, పొరపాటు మనుషులకే జరుగుతుంది కదా అంటారేమో. కాని దీని తర్వాత చేసింది పొరపాటు కాదు. మర్నాడు ఆ సిలిండర్‌ను పట్టుకుపోయి, "నా పనిల ఏం దోషం లేదు, మంచి రబ్బరు ఏసి బిగించు" అని మెకానిక్ చేతిలో పెట్టాను. ముల్లు తీసేశాక ఇచ్చాను గనక ఇప్పుడు నిజంగానే దోషం లేదు. అతను కొత్త రబ్బరు వేశాడు. బ్రేకు భేషుగ్గా పడింది. ఆ తర్వాత మళ్ళీ ఏ ఇబ్బందీ రాలేదు. దాంతో ఊరందరికీ తేలిపోయింది. సిలిండర్ అదే, మనిషి అదే, మారింది రబ్బరు ఒక్కటే. కాబట్టి తప్పు రబ్బరుదే, రబ్బరు తెచ్చిన మెకానిక్‌దే. నేను నోరు విప్పాల్సిన అవసరం కూడా లేకుండా నా అబద్ధం తన కాళ్ళ మీద తాను నిలబడింది.

ఊళ్ళోవాళ్ళు అతని దగ్గరికి ట్రాక్టర్లు తీసుకుపోవడం మానేశారు. డూప్లికేట్ మెకానిక్ అన్నారట. ఆస్పత్రి ఖర్చు అతనే పెట్టుకున్నాడని తెలిసి, చూశారా, తప్పు చేశాడు గనకే పెట్టుకున్నాడని కూడా అన్నారట. ఇవన్నీ నాకు కుక్కర్ పిడి కోసం వచ్చిన ఒకాయన చెప్పాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు విని ఊరుకున్నాను. శామీర్‌పేట వైపు పని పడితే చుట్టు తిరిగి వేరే రోడ్డున పోయేవాణ్ణి. లేత్ మీద దుమ్ము పేరుకుంది. మా ఆవిడ ఒక రోజు దాన్ని తుడుస్తూ, "తలనొప్పి గిన్ని నెలలుంటదా?" అంది. నేను చెప్పేశాను. ఆమె గుడ్డ అక్కడే పడేసి లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "పోయి చెప్పొస్తవా, నన్ను పొమ్మంటవా?" అని అడిగింది. పోతానన్నాను. పోలేదు.

చలికాలంలో మా పాత సూపర్‌వైజరు మనవడి పుట్టువెంట్రుకల దావత్ గాజులరామారంలో జరిగింది. కంపెనీ వాళ్ళం చాలామందిమి కలిశాం. బెంచి మనిషి నా పక్క కుర్చీలో కూచున్నాడు. ఏం మాట్లాడాలో తోచక, నాకు తెలిసిన ఒక టర్నరు సంగతి అని చెప్పి జీపు కథ ఎత్తాను. రబ్బరు మీద గీత పడిందన్న దగ్గర ఆయన తినడం ఆపాడు.

"ఆ సన్న బొక్కకు లోపటి బర్ ఎవలు దీసిండ్రు?" అని అడిగాడు.

నేను పళ్ళెంలో అన్నం కెలికాను. ఆయన నీళ్ళు తాగి, చాలా మెల్లగా అన్నాడు. "ముప్పై ఏండ్లు నువ్వు కోసిన పీసులన్ని నా చేతులకెల్లి పోయినయ్. ఒక్కటి వాపసు రాలెనని అందరికి జెప్తవట గద. గది ఒక్క నీ పనితనమే అనుకున్నవా?"

కోపంగా అనలేదు. అంతమందిలో ఎవరికీ వినపడకుండా అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన పళ్ళెం పక్కన ఆ చిటికెన వేలు కనిపిస్తోంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా దాని మీద తెల్లటి గీతలున్నాయి. గోకుడు మేస్త్రి అన్న పేరుకు క్షమాపణ చెప్పాలని నోరు తెరిచాను. "ఆ దినాలు ఇడువు. ముందు గా మెకానిక్ పిల్లగాని పేరు సాఫ్ జెయ్యి," అన్నాడు.

మర్నాడు శామీర్‌పేట వెళ్ళాను. షెడ్డుకు తాళం ఉంది. పక్కన టీ కొట్టువాణ్ణి అడిగితే మెకానిక్ మేడ్చల్‌లో ఒక టైర్ల షాపులో పనికి కుదిరాడన్నాడు. అక్కడికి వెళ్ళాను. ట్రాక్టరు ఇంజను విప్పి బిగించగలిగిన మనిషి లారీ టైరు పంక్చరు వేస్తున్నాడు. నన్ను చూసి లేచి, చేతులు తుడుచుకుని, టీ తాగుతారా అని అడిగాడు. నేను నిలబడే చెప్పాను. ముల్లు సంగతి, ట్రే సంగతి, అర నిమిషం సంగతి, అన్నీ.

అతను ఆశ్చర్యపోలేదు. "నాకు గా పొద్దుగాలనే ఎరుకైంది సార్," అన్నాడు. "రబ్బరు మీద గీత జూస్తె తెల్వదా? అందుకే మీ చేతుల వెట్టిన."

"మరి అందరి ముంగట ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తరనుకున్న."

అక్కడున్న టైరు మీద కూలబడ్డాను. నేను సిలిండర్ పట్టుకుపోయినప్పుడు కూడా, మర్నాడు వచ్చి చెబుతానని అనుకున్నాడట. నేను వచ్చి దోషం లేదన్నాక, ఇక తను చెబితే తప్పించుకోవడానికి పెద్దమనిషి మీద తోస్తున్నాడంటారని ఊరుకున్నాడట. అదీ కాక, బ్రేకు పని నా దగ్గర చేయించమని పెద్దాయనకు చెప్పింది తనే కదా, ఎంతో కొంత తప్పు తనదీ అనుకున్నాడట. నాతో పెద్దాయన దగ్గరికి రమ్మని అడిగాను. రానన్నాడు. "మీరొక్కలే పోయి చెప్పుండ్రి సార్. నేనొస్తె, నేనే మిమ్మల్ని తోల్కొచ్చి చెప్పిచ్చిన అనుకుంటరు," అన్నాడు. అది కూడా నిజమే.

బస్సెక్కి వెళ్ళాను. పెద్దాయన ఇంటి ముందు పూలు కుప్ప పోసి, ఆయన భార్య కూచుని ఎడమ చేత్తో తొడిమలు తుంచుతోంది. కుడి చెయ్యి ఒళ్ళో ఉంది. కట్టు విప్పారు గాని మణికట్టు తిరగడం లేదు. పెద్దాయన కుర్చీ వేశాడు. నేను కూచోలేదు. ఇద్దరికీ చెప్పాను. తప్పు నాదని, మెకానిక్‌ది ఇసుమంత కూడా లేదని, తెలిసి తెలిసి అతని మీద తోశానని చెప్పాను.

ఆమె నన్నే చూసింది.

"అన్నా, నేను చెయ్యి నొచ్చినప్పుడల్ల ఆ పిల్లగాన్ని తిట్టిన," అంది. "దినాం తిట్టిన. నీ ఇల్లు ఆగం గాను అన్న. గాయన దుకానం మూసిండని తెలిస్తె, నా దేవుడు ఇన్నడనుకున్న. ఇప్పుడు ఆ తిట్లు నేను ఎట్ల వాపసు తీసుకోవాలె?"

చెయ్యి విరిచినందుకు ఒక్క మాట అని ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆ మాట అనలేదు. ఎడమ చేత్తో కొంగు సర్దుకుని, భర్తతో ఉర్దూలో ఏదో అంది. ఆయన లేచి లోపలికి వెళ్ళి జీపు తాళం తెచ్చాడు. ఇప్పుడే మేడ్చల్ పోయి మెకానిక్ కాళ్ళు పట్టుకుని అయినా ఇంటికి తీసుకురమ్మందట. నేను బస్సుకు పోతానని బయల్దేరాను. నాలుగడుగులు వేశానో లేదో జీపు నా పక్కన ఆగింది.

"ఎక్కుండ్రి," అన్నాడు. ఎక్కమని అడిగినట్టు లేదు, చెప్పినట్టు ఉంది.

ముందు సీట్లో ఎక్కాను. ఆమె కూచునే సీటు. ఊరు దాటి చెరువు వైపు వాలులో దిగుతున్నాం. కింద మలుపు కనిపిస్తోంది. ముల్లు తీసింది నేనే. బ్రేకు ఇన్ని నెలలుగా పడుతోందని నాకు తెలుసు. అయినా నా కుడి కాలు తనంత తానే నేలను తొక్కి పట్టింది. చేత్తో ముందున్న రేకు పట్టుకున్నాను. పెద్దాయన నా కాలు చూశాడు.

"భయమైతాందా సాబ్?"

"అయితాంది," అన్నాను.

ఆయన బ్రేకు తొక్కాడు. జీపు నెమ్మదించి మలుపు తిరిగింది.

"మీరు మళ్ల బాగుచేసి ఇచ్చిన కాడికెల్లి మా ఇంటిది ఒక్క చేత్తోటి బట్టుకోని దినాం గీ సీట్లనే గూసుంటాంది," అన్నాడు. "మీరు ఒక్కసారన్న వచ్చి ఎక్కలె."